ఆపరేషన్ తర్వాత చీము పడితే లెక్క చెప్పాల్సింది ఎవరు?

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆస్పత్రిలో ఒక్కరోజే 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి, ల్యాప్రోస్కోప్ అనే సన్నటి కెమెరా గొట్టంతో చేసే డీపీఎల్ పద్ధతి అది. పెద్ద కోత ఉండదు, కుట్ల బాధ ఉండదు, తొందరగా ఇంటికి వెళ్లిపోవచ్చు అని చెప్పి ఒప్పించే ఆపరేషన్. వారం తిరక్కుండానే వాళ్లలో నలుగురు చనిపోయారు. మిగిలినవాళ్లలో చాలామందిని హడావిడిగా హైదరాబాద్ ఆస్పత్రులకు తరలించారు. ఇన్ఫెక్షన్ వల్లే ఇలా జరిగిందని ప్రభుత్వ విచారణలోనే తేలింది. కొందరు డాక్టర్ల మీద, సిబ్బంది మీద చర్యలు తీసుకున్నారు. చనిపోయిన ఒక్కొక్కరి కుటుంబానికి 5 లక్షల రూపాయలు, డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు, పిల్లలకు చదువు ఇస్తామని ప్రకటించారు.

ఆ 5 లక్షలు ఏ లెక్కన వచ్చాయని అప్పట్లో ఎవరూ గట్టిగా అడగలేదు. అదే మనిషి రోడ్డు మీద లారీ గుద్ది చనిపోతే, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఆమె వయసెంత, సంపాదనెంత, ఆమె మీద ఆధారపడ్డవాళ్లు ఎంతమంది అని చూస్తుంది. ఇంటిపని చేసే ఆడమనిషి పనికి కూడా ఒక విలువ కడుతుంది. ప్రభుత్వ ఆపరేషన్ థియేటర్‌లో ఇన్ఫెక్షన్ సోకి చనిపోతే మాత్రం అలాంటి లెక్క ఏదీ ఉండదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు చిన్న మొత్తాలిచ్చే పథకం ఒకటుంది, దాని సంగతి తర్వాత చెప్తాను. ఎంత ఇవ్వాలో టీవీ కెమెరాల ముందు తేలిపోతుంది. బతికి బయటపడి, వారాల తరబడి మంచం మీద ఉండి, కూలికి పోలేక అప్పులపాలైనవాళ్లకు ఆ మాత్రం కూడా గ్యారంటీ లేదు.

ఇంకో లెక్క ఉంది, అది డబ్బు లెక్క కాదు. ల్యాప్రోస్కోప్‌ను ఒక మనిషికి వాడాక, ఇంకో మనిషికి వాడే ముందు శుభ్రంగా కడిగి, క్రిముల్ని చంపే గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో కనీసం 20 నిమిషాలు ముంచి ఉంచాలి. ఆ తర్వాత క్రిములు లేని స్టెరైల్ నీళ్లతో కడగాలి. 20 నిమిషాలనేది కూడా పూర్తి స్టెరిలైజేషన్ కాదు. అదే ద్రావణంలో పూర్తిగా క్రిమిరహితం కావాలంటే దాదాపు 10 గంటలు పడుతుంది. ఒకే స్కోపుతో 34 మందికి చేయాలంటే నానబెట్టడానికే 11 గంటలకు పైగా కావాలి. రెండు స్కోపులుంటే దాదాపు ఆరు గంటలు. ఆ రోజు అక్కడ ఎన్ని స్కోపులున్నాయి, ఒక్కోటి ఎంతసేపు నానింది, ఎవరు తీశారు, దేనితో కడిగారు? ఈ ప్రశ్నలకు జవాబు ఆ థియేటర్ రిజిస్టర్‌లో ఉండాలి. మత్తులో పడుకున్న మనిషి దగ్గర ఉండదు.

నా వాదనంతా ఇదే. ఆపరేషన్ తర్వాత సోకిన ఇన్ఫెక్షన్ విషయంలో తప్పు జరిగిందని రోగి నిరూపించాలనడం అన్యాయం. మేం జాగ్రత్తలన్నీ తీసుకున్నాం, ఇవిగో కాగితాలు అని చూపించాల్సిన బాధ్యత ఆస్పత్రిదే కావాలి. చూపించలేకపోతే నష్టపరిహారం కట్టాలి. ఆపరేషన్ డబ్బు కట్టి చేయించుకున్నా, ఉచితంగా చేయించుకున్నా ఇదే నియమం ఉండాలి.

డాక్టర్లలో నాకు ఆప్తులున్నారు. ఈ మాట అంటే వాళ్లు వెంటనే ఒకటి చెప్తారు: ఎంత జాగ్రత్తగా చేసినా కొన్ని కేసుల్లో ఇన్ఫెక్షన్ వస్తుంది. నిజమే. మన ఒంటి మీదే, మన పేగుల్లోనే క్రిములుంటాయి. షుగర్ ఉన్నవాళ్లకి, పొగతాగేవాళ్లకి, రక్తం తక్కువున్నవాళ్లకి, అత్యవసరంగా పేగు ఆపరేషన్ జరిగినవాళ్లకి ముప్పు ఎక్కువ. మనలాంటి దేశాల్లో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో నూటికి 11 మందికి ఆ గాయంలో ఇన్ఫెక్షన్ వస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వీళ్లందరి విషయంలో డాక్టర్ తప్పు చేసినట్టేనా అంటే కాదు. ఇన్ఫెక్షన్ వచ్చింది కాబట్టి నిర్లక్ష్యమే అని నేనూ అనను, ఏ కోర్టూ అనదు.

కానీ అదే సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు చూడండి. కోత పెట్టే ముందు రెండు గంటల లోపు యాంటీబయాటిక్ ఇవ్వాలి. వెంట్రుకలు రేజర్‌తో గీయకూడదు, తప్పదనుకుంటే క్లిప్పర్‌తో కత్తిరించాలి. చర్మానికి ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్ లాంటి మందు పూయాలి. ఆపరేషన్ అయిపోయాక జాగ్రత్త కోసమంటూ రోజుల తరబడి యాంటీబయాటిక్ కొనసాగించకూడదు. వీటిలో కోట్లు ఖర్చయ్యేది ఏదీ లేదు. ప్రతి ఒక్కటీ చేశారా లేదా అన్నది కేస్ షీట్‌లో ఒక్క గీతతో రాసిపెట్టగలిగేదే. చేసి, రాసిపెట్టి, అయినా ఇన్ఫెక్షన్ వస్తే ఆ సర్జన్ వైపు నేనూ నిలబడతాను. చేశారో లేదో తెలియదు, కాగితం లేదు, అయినా అది మీ ఒంటి తత్వం అంటే మాత్రం ఒప్పుకోను.

ఒంటి తత్వం అన్న మాట మా ఇంట్లో చాలాసార్లు విన్నాం. మా అక్కకి గాల్‌బ్లాడర్‌లో రాళ్లుంటే మా జిల్లా కేంద్రంలోనే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ల్యాప్రోస్కోపీ చేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది, గాయాలూ మానాయి. నెల దాటుతుండగా బొడ్డు దగ్గర రంధ్రం పెట్టినచోట చిన్న గడ్డలా లేచింది. ఎర్రబడి, పగిలి, నీళ్లలాంటి చీము కారడం మొదలైంది. మందులు వాడితే తగ్గినట్టే తగ్గి మళ్లీ కారేది. డ్రెస్సింగ్, కొత్త యాంటీబయాటిక్, మళ్లీ డ్రెస్సింగ్. షుగర్ పరీక్ష చేశారు, లేదు. ఆస్పత్రిలో అడిగిన మొదటి ప్రశ్న: "గాయానికి నీళ్లు తగిలించారా అమ్మా?" ఇంట్లో, చుట్టాల్లో అడిగిన మొదటి ప్రశ్న: "పప్పు తిన్నావా?"

మన దగ్గర ఇది తెలియనివాళ్లు ఉండరు. ఆపరేషన్ అయినవాళ్లు పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ, గోంగూర ముట్టకూడదని చెప్తారు. మా అక్క అవేవీ ముట్టలేదు. ఇడ్లీ, బీరకాయ కూర, చారుతోనే నెట్టుకొచ్చింది. అయినా వచ్చిన ప్రతి చుట్టమూ ఏదో ఒక పథ్యం తప్పు వెతికేవారు. చివరికి తనే, "నేనే ఏదో తినుంటాలే" అనడం మొదలుపెట్టింది. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి, పప్పు మానేస్తే నష్టమేగానీ లాభం లేదు. అది సరే. నన్ను బాధపెట్టేది ఆ నమ్మకం చేసే పని. చీము పట్టగానే వేలు రోగి వైపు, ఆమెకు వండిపెట్టినవాళ్ల వైపు తిరుగుతుంది. థియేటర్‌లో ఏం జరిగిందన్న ప్రశ్న అసలు పుట్టదు. ఆస్పత్రి ఒక్క మాట మాట్లాడకుండానే బయటపడుతుంది.

హైదరాబాద్‌లో ఒక సర్జన్ ఆ గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాక అసలు సంగతి తెలిసింది. అది టీబీ క్రిమికి దగ్గర బంధువైన, మామూలు నీళ్లలో బతికే ఒక రకం మైకోబ్యాక్టీరియా. మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగదు. ప్రత్యేకమైన మందులు నెలల తరబడి వాడాలి. లోపలికి ప్రవేశించాక బయటపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది కాబట్టే మొదట్లో అంతా బాగున్నట్టు కనిపించింది. ల్యాప్రోస్కోపీ పరికరాలు సన్నటి పొడవాటి గొట్టాలు. వాటి కీళ్లలో రక్తం, కండ ముక్కలు ఇరుక్కుంటాయి. విడదీసి బ్రష్‌తో కడగకుండా ద్రావణంలో ముంచి తీస్తే లోపలి క్రిమి చావదు. ముంచి తీశాక కుళాయి నీళ్లతో కడిగితే, చంపిన క్రిమిని మళ్లీ తెచ్చి అంటించినట్టే. ఇది మన దేశంలో సర్జన్లందరికీ తెలిసిన సమస్య. వైద్య పత్రికల్లో దీని మీద ఎన్నో వ్యాసాలు వచ్చాయి.

మొదటి ఆస్పత్రికి వెళ్లి అడిగితే, "ఆ క్రిమి నీళ్లలో ఎక్కడైనా ఉంటుందండీ, మీ ఇంట్లో పట్టుకుందేమో ఎవరు చెప్పగలరు?" అన్నారు. ఎవరు చెప్పగలరు అన్నదే నా ప్రశ్న కూడా. కేస్ షీట్ జిరాక్స్ ఇవ్వమంటే డిశ్చార్జి సమ్మరీ చేతిలో పెట్టి, కేస్ షీట్ ఆస్పత్రి సొత్తు, ఇవ్వడం కుదరదన్నారు. అది అబద్ధం. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. మా బావ తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, ఇంకో కాపీ మీద స్టాంపు వేయించుకున్నాకే కాగితాలు బయటికొచ్చాయి. వాటిలో యాంటీబయాటిక్ పేరు ఉంది, ఇచ్చిన టైము లేదు. పరికరాలు ఎలా శుభ్రం చేశారన్నదాని మీద ఒక్క అక్షరం కూడా లేదు. ఇప్పుడు మా అక్క ఏం నిరూపించాలి? దేనితో నిరూపించాలి?

ఈ ప్రశ్నకి మన సుప్రీంకోర్టు ఎప్పుడో దారి చూపించింది, అదీ హైదరాబాద్ కేసుల్లోనే. 1990లో నిమ్స్‌లో ఆపరేషన్ జరిగి, నడుము కింద చచ్చుబడిపోయిన 20 ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థి ప్రశాంత్ ధనంక కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. తన కేసు తనే వాదించుకున్నాడు. 2009లో కోర్టు కోటి రూపాయల పరిహారం ఇప్పించింది. అది ఇన్ఫెక్షన్ కేసు కాదు, కానీ అందులో చెప్పిన సూత్రం మనకు కావాలి. తప్పు జరిగిందనడానికి ప్రాథమికంగా ఆధారం రోగి చూపిస్తే చాలు, ఆ తర్వాత నిర్లక్ష్యం లేదని చూపించాల్సిన భారం ఆస్పత్రి మీదకు మారుతుంది. మరుసటి ఏడాది, 2010లో, వి.కిషన్‌రావు కేసు. ఆయన మలేరియా విభాగంలో పనిచేసే ఉద్యోగి. జ్వరంతో ఆస్పత్రిలో చేర్చిన భార్యకు మలేరియాకి కాకుండా టైఫాయిడ్‌కి వైద్యం చేశారు, ఆమె చనిపోయింది. జిల్లా ఫోరం 2 లక్షలు ఇవ్వమంటే, వైద్య నిపుణుడి సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, జాతీయ కమిషన్ దాన్నే సమర్థించింది. సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని, కొన్నిచోట్ల జరిగిన సంఘటనే నిర్లక్ష్యానికి సాక్ష్యమని చెప్పింది.

సూత్రం ఉంది. ఇన్ఫెక్షన్ కేసుల్లో దాన్ని వాడటం దగ్గరే తేడా వస్తోంది. కడుపులో గుడ్డ మర్చిపోతే అది కళ్ల ముందు కనిపించే సాక్ష్యం. ఔరంగాబాద్ ప్రభుత్వాస్పత్రిలో 1963లో కాన్పు తర్వాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, ఒకావిడ కడుపులో అలాంటి గుడ్డే మర్చిపోయారు. చీము పట్టి రెండు వారాల్లోపే ఆమె చనిపోయింది. కింది కోర్టు 36 వేల రూపాయలు ఇమ్మంది, హైకోర్టు కాదంది, సుప్రీంకోర్టు 1996లో ఆ 36 వేలే ఖాయం చేసింది. కంటికి కనిపించే గుడ్డ ఉన్న కేసుకే 33 ఏళ్లు పట్టింది. క్రిమి కంటికి కనిపించదు.

ఒక్కరికి కాకుండా ఒకే రోజు చాలామందికి సోకితేనే మన వ్యవస్థ నోరు తెరుస్తుంది. 1986లో ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జాలో కంటి శిబిరం పెట్టి శుక్లాల ఆపరేషన్లు చేస్తే 84 మందికి కన్ను శాశ్వతంగా దెబ్బతింది. కంట్లో వాడిన సెలైన్ కలుషితమైందన్నారు. అప్పటికే ఇచ్చిన 5 వేలకు తోడు ఒక్కొక్కరికి 12,500 ఇవ్వమని సుప్రీంకోర్టు 1989లో చెప్పింది. ఖుర్జా శిబిరం జరిగిన 30 ఏళ్ల తర్వాత, 2016లో హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆస్పత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న 13 మందికి కళ్లలో ఇన్ఫెక్షన్ వచ్చింది, కొందరికి ఆ కంటి చూపు పోయింది. ఈసారి వేలు రింగర్ లాక్టేట్ అనే సెలైన్ లాంటి ద్రవం సీసాల వైపు తిరిగింది. రెండుచోట్లా పేదవాళ్లే, ఉచిత ఆపరేషనే, కంట్లో పోసిన ద్రవమే.

ఉచితం అన్న దగ్గర చట్టంలో ఒక పెద్ద గొయ్యి ఉంది. వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందులోనే, అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రి మాత్రం దీని కిందికి రాదని చెప్పింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేస్తే ఆ ఉచిత రోగి కూడా వినియోగదారుడే. డబ్బు బీమా కంపెనీ కట్టినా, ఉద్యోగం ఇచ్చినవాళ్లు కట్టినా వినియోగదారుడే. పూర్తి ఉచిత ప్రభుత్వాస్పత్రిలో చేరినవాళ్లకు మాత్రం ఆ తలుపు మూసేశారు. వాళ్లు సివిల్ కోర్టుకు వెళ్లాలి, లేదా హైకోర్టులో రిట్ వేయాలి. ఇబ్రహీంపట్నంలో ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లలో ఎంతమంది లాయర్ ఫీజు కట్టి హైకోర్టు మెట్లెక్కగలరు? అందరికంటే తక్కువ ఎంచుకునే స్వేచ్ఛ ఉన్నవాళ్లకే అందరికంటే కష్టమైన దారి పెట్టాం. దీన్ని నేను ఎన్నిసార్లు ఆలోచించినా సమర్థించలేకపోతున్నాను.

పైగా ఇబ్రహీంపట్నంలో జరిగింది, వద్దని కోర్టు చెప్పిన తరహా శిబిరం. 2014లో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పుర్ దగ్గర ఒకే రోజు 83 మందికి ఇవే ఆపరేషన్లు చేస్తే పదిమందికి పైగా చనిపోయారు. 2016 సెప్టెంబరులో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు, ఈ శిబిరాల పద్ధతిని మూడేళ్లలో ఆపేయమని చెప్పింది. మూడేళ్లంటే 2019. ఇబ్రహీంపట్నం జరిగింది 2022లో.

డాక్టర్ల వైపు నుంచి ఇంకో అభ్యంతరం వినిపిస్తుంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. ఇలా భారం మా మీద పెడితే చిన్న ఊళ్లలో సర్జన్లు రిస్కు ఉన్న కేసు ముట్టుకోరు, షుగర్ ఉందనగానే హైదరాబాద్ రాసేస్తారు అంటారు. ఆ భయం నిజమే. కానీ ఇప్పుడున్న పద్ధతి వాళ్లనేం కాపాడుతోంది? మనిషి పోగానే ఆస్పత్రి ముందు శవంతో బైఠాయింపు, అద్దాలు పగలడం, పోలీసులు, ఓ లోకల్ లీడరు, లోపల గదిలో సెటిల్‌మెంట్. వెనక పదిమంది ఉన్నవాళ్లకు లక్షలు వస్తాయి. ఎవరూ లేనివాళ్లు శవాన్ని తీసుకుని వెళ్లిపోతారు. నిజంగా తప్పు లేని డాక్టరు కూడా భయపడి డబ్బు ఇస్తాడు, తప్పున్న డాక్టరు కూడా అంతే ఇచ్చి మర్నాడు అదే పరికరాలతో ఆపరేషన్ చేస్తాడు. రిజిస్టరు ఉండి, దాన్ని చూపించగలిగితే మొదట బాగుపడేది నిజాయతీగా పనిచేసే సర్జనే. జైలు సంగతి వేరు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు, ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప డాక్టరు మీద క్రిమినల్ కేసు పెట్టకూడదన్నది నాకూ సమ్మతమే. నేను అడుగుతున్నది శిక్ష కాదు, పరిహారం.

ఎవరి తప్పూ తేలని కేసుల మాటేంటి? దానికీ మన దేశంలోనే నమూనా ఉంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల వరకు 2005 నుంచి ఒక పథకం నడుస్తోంది. ప్రాణం పోతే ఇంత, ఆపరేషన్ ఫెయిలైతే ఇంత, కాంప్లికేషన్ వస్తే వైద్యం ఖర్చుకి ఇంత వరకు అని రేట్లున్నాయి. నిర్లక్ష్యం నిరూపించమని అడగరు. మొత్తాలు చిన్నవి, పెంచాలి. అదే పద్ధతిని ప్రభుత్వ డబ్బుతో జరిగే ప్రతి ఆపరేషన్‌కీ, ఆరోగ్యశ్రీ కేసులతో సహా, వర్తింపజేయొచ్చు. ఇన్ఫెక్షన్ వచ్చి మళ్లీ చేరాల్సి వస్తే రెండోసారి వైద్యం ఖర్చు, ఆ రోజుల కూలి ఇస్తే చాలామంది కోర్టు మొహం కూడా చూడరు. నిర్లక్ష్యం తేలినప్పుడు ఇవ్వాల్సిన పూర్తి పరిహారం దీనికి వేరుగా ఉండాలి.

ఇప్పుడు ఈ బాధలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, చట్టం మారేదాకా ఆగకుండా చేయగలిగినవి ఉన్నాయి. మానని గాయంలోంచి చీము, వీలైతే ముక్క, కల్చర్‌కి పంపమని అడగండి, మందులు మార్చే ముందే అడగండి. ఏ క్రిమో తేలితేనే వైద్యమైనా, వాదనైనా నిలబడుతుంది. కేస్ షీట్ మొత్తం కావాలని రాతపూర్వకంగా అడిగి, కాపీ మీద సంతకం తీసుకోండి. ఆస్పత్రులు రికార్డులు మూడేళ్లే ఉంచాలన్నది నిబంధన, కాబట్టి ఆలస్యం చేయొద్దు. వినియోగదారుల కమిషన్‌లో కేసు రెండేళ్లలోపు వేయాలి. మీరు కట్టిన బిల్లు 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు, 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ఫిర్యాదులోనే ఆపరేషన్ జరిగిన రోజు స్టెరిలైజేషన్ రిజిస్టరు, థియేటర్‌లో క్రిములున్నాయేమో చూసిన కల్చర్ రిపోర్టులు కోర్టుకు తెప్పించమని అడగండి. వాళ్లు తేలేకపోతే అది మీ కేసుకి బలం.

శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ల కార్డు ఎప్పుడైనా చూశారా? కంట్లో పెట్టిన లెన్స్ స్టిక్కర్ దాని మీద అంటించి ఉంటుంది, కంపెనీ, పవర్, సీరియల్ నంబరుతో సహా. గుండెలో స్టెంట్ వేసినా అంతే. పరికరాలను ఆవిరితో క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్‌లో పెట్టే ప్రతి ప్యాక్‌లోనూ వేడి, ఆవిరి సరిగ్గా తగిలితే రంగు మారే ఇండికేటర్ స్ట్రిప్ పెట్టడం కొత్త సంగతేం కాదు. మంచి ఆస్పత్రుల్లో ప్యాక్ విప్పగానే ఆ స్ట్రిప్‌ను, ఆటోక్లేవ్ లోడ్ నంబరుతో సహా, ఆ రోగి కేస్ షీట్‌లోనే అంటిస్తారు. ద్రావణంలో నానబెట్టే స్కోపులకైతే ముంచిన టైము, తీసిన టైము, ద్రావణం కలిపిన తేదీ రాస్తే సరిపోతుంది. దీన్ని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, ప్రైవేటు నర్సింగ్‌హోమ్ నుంచి ఏరియా ఆస్పత్రి వరకు, లైసెన్సు షరతుగా, ఆరోగ్యశ్రీ (ఏపీలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) బిల్లు పాస్ కావడానికి షరతుగా పెట్టాలి. స్ట్రిప్ లేని కేస్ షీట్‌కి బిల్లు ఇవ్వొద్దు. ఇన్ఫెక్షన్ వచ్చాక స్ట్రిప్ లేదని తేలితే నిర్లక్ష్యం జరిగినట్టే లెక్క అని చట్టంలో రాయాలి.